ఉప్పుగాలిలో పాత బండి

శ్రీకాకుళం తీరంలో సంతబొమ్మాళి, నౌపడ, భావనపాడు వైపు ఎవరైనా పాత మోటారు సైకిలు అమ్మకానికి పెట్టారని తెలిస్తే, ఇంజను చప్పుడు వినడానికి తొందరపడకండి. ముందు పెట్రోలు టాంకీ మూత తీసి లోపలికి టార్చిలైటు వేయండి. తర్వాత సీటు ఎత్తి, కింద ఉన్న మడ్‌గార్డు లోపలి అంచుని వేలితో తడిమి చూడండి. ఆ పైన హెడ్‌లైటు డూమ్ విప్పించి, వైర్ల కొసలు ఏ రంగులో ఉన్నాయో గమనించండి. ఈ మూడూ చూశాక బేరం ఎక్కడ మొదలెట్టాలో మీకే తెలిసిపోతుంది. ఇంజను పాడైతే బాగుచేసే లేత్ షాపులున్నాయి, పిస్టన్లు దొరుకుతాయి. లోపల్లోపల తినేసిన రేకుని మాత్రం ఎవరూ మళ్ళీ రేకు చేసి ఇవ్వలేరు.

ఇంట్లోనే, తక్కువ ఖర్చులో, పాత బండిని మనకి నచ్చినట్టు తయారు చేసుకోవడం గురించి ఈ పూట మాట్లాడమన్నారు. ఈ విషయం మీద సలహాలు చాలానే వినిపిస్తుంటాయి. అవి బెంగుళూరులోనో పూనాలోనో కూర్చుని చెప్పినవి. అక్కడి బండికీ మన బండికీ తేడా ఉంది. మనకి నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా గాలి వస్తుంది. ఆ గాలిలో వచ్చే ఉప్పు కంటికి కనబడదు, పల్చటి పొరలా ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పుకో గుణం ఉంది. గాలిలో తేమ ఇంచుమించు 75 శాతం దాటగానే అది ఆ తేమని లాక్కుని తనే నీరైపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీలో నీరూరేది అందుకే. ఉద్దానం తీరంలో రాత్రిళ్ళు చాలా నెలలపాటు తేమ ఆ గీత దాటే ఉంటుంది. అంటే వాన పడకపోయినా, ఎవరూ నీళ్ళు పోయకపోయినా, మన బండి రోజూ రాత్రి తడుస్తోంది, పొద్దున్న ఎండకి ఆరుతోంది. తడిసి ఆరడం, మళ్ళీ తడవడం. ఇనుముకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు.

అందుకని నా లెక్క ఒకటే. ఈ తీరంలో పాత బండికి పెట్టే డబ్బులో పెద్ద భాగం కంటికి కనబడని చోట్లకే పోవాలి. టాంకీ లోపలికి, వైరింగుకి, బ్రేకులకి, చక్రాల పుల్లలకి. రంగూ, సోకూ మిగిలిన దాంతో. కుర్రాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. టెక్కలిలో నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్కు, నిగనిగలాడే రంగేయించుకొచ్చిన ఒక కుర్రాడితో అన్న మాట ఇది: “రంగు బాగున్నాది బాబూ. దాని కింద ఏటున్నాదో సూసినావా? ఒచ్చే కార్తీకానికి ఆ రంగు నీ సేతికే ఒచ్చేస్తాది.” అలాగే జరిగింది కూడా. రంగు పొక్కులు కట్టి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడి వచ్చింది.

పాత బండి అంటే మనవైపు ఏవి కనబడతాయి? బుల్లెట్టు ఉండనే ఉంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక ఆ బండి ఇక్కడిదే అయిపోయింది. పాత బుల్లెట్టు సిలిండరు 70 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. 346 సీసీ. వెడల్పు కంటే నడక అంత ఎక్కువ కాబట్టే ఆ నింపాదైన చప్పుడు. దానికి ఇప్పుడు ధర కొండెక్కింది, కాబట్టి తక్కువ ఖర్చు అన్న మాట దగ్గరే అది పక్కకి పోతుంది. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961 నుంచి తీసిన జావా, 1973 నుంచి అదే ఫ్యాక్టరీ యెజ్డీ పేరుతో అమ్మిన బండ్లు, ఇవి రెండో రకం. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు అవే పేర్లతో కొత్త బండ్లు వస్తున్నాయి గానీ, వాటి సామాను పాతవాటికి పనికిరాదు. ఈ సంగతి తెలియక షోరూముకి వెళ్ళి అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మూడోది రాజ్‌దూత్. పోలెండు వాళ్ళ నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1962లో మొదలెట్టిన 173 సీసీ బండి. పాల కేన్లు మోసింది, కొబ్బరికాయల బస్తాలు మోసింది, పెళ్ళి సంబంధాలు చూడ్డానికి వెళ్ళింది. అందం తక్కువ, ఓర్పు ఎక్కువ. నన్నడిగితే ఇంట్లో పని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి దీన్ని మించిన పలక లేదు. విప్పడం తేలిక, బిగించడం తేలిక. ఇక 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఉంది. దాన్ని ఇప్పుడు పాత బండి అనడం లేదు, బంగారం అంటున్నారు. అమ్మేవాళ్ళ మాటలు అలా ఉన్నాయి.

కొనేముందు కాగితాలు. ఇది విసుగు పుట్టించే భాగమే, అయినా ఇక్కడ జారితే పెట్టిన డబ్బంతా గోవిందా. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. చాసిస్ నంబరు సాధారణంగా హ్యాండిలు మెడ దగ్గర కొట్టి ఉంటుంది. అక్కడ మట్టీ గ్రీజూ తుడిచి, తెల్లకాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. అంకెల చుట్టూ కొత్తగా అరగదీసిన జాడ ఉంటే దండం పెట్టి వచ్చేయండి. మన చట్టం ప్రకారం సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. ద్విచక్ర వాహనానికి ఆ ఫీజు 300 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 1000 అయింది, 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. ఆలస్యమైతే అపరాధ రుసుము, పైన గ్రీన్ ట్యాక్సు. “కాగితాలు తర్వాత చూసుకుందాంలే మావా” అని అమ్మేవాడు అంటే, డబ్బులు కూడా తర్వాతే చూసుకుందామనండి.

మనకి నచ్చినట్టు మార్చుకోవడం అన్న మాటకి కూడా చట్టం ఒక గిరి గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. రంగు మార్చడం లాంటి చిన్న మార్పులకి అభ్యంతరం లేదంది, అయితే మార్చిన రంగు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. వేరే ఇంజను బిగించడం, చాసిస్ కోసి పొట్టి చేయడం, వెనక భాగం నరికేయడం, ఇవన్నీ నేరం కిందికే వస్తాయి. సొంతదారుకి ఒక్కో మార్పుకి 5000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మరి యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021 జూలైలో వింటేజ్ అని వేరే తరగతి పెట్టారు కదా అంటారేమో. పెట్టారు. రిజిస్ట్రేషనుకి 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి తీసుకెళ్ళే పెద్దమనుషుల కోసం పెట్టిన తరగతి అది. పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేవాడికి దాంతో పనిలేదు.

ఇక పనిలోకి దిగుదాం. టాంకీతో మొదలెడదాం, ఎందుకంటే మనవైపు బండ్లు ఎక్కువగా చచ్చేది అక్కడే. టాంకీలో తుప్పు ఉందనుకోండి. ఆ తుప్పు పొడి పెట్రోలుతో కలిసి కార్బొరేటరులోకి దిగి సన్నటి జెట్టుని మూసేస్తుంది. బండి పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. మెకానిక్కు కార్బొరేటరు కడుగుతాడు, మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. నెలకి నాలుగుసార్లు కార్బొరేటరు కడిగించిన డబ్బుతో టాంకీ ఒక్కసారి శుభ్రం చేసుకోవచ్చు.

చేసే పద్ధతి చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. పెట్రోలంతా తీసేసి, టాంకీ విప్పి ఆరుబయట పెట్టండి. దగ్గర్లో పొయ్యి, బీడీ, అగరుబత్తి ఏదీ ఉండకూడదు. పెట్రోలు నిండుగా ఉన్న టాంకీ కంటే ఖాళీ టాంకీ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. సబ్బు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, వాసన పోయేదాకా తెరిచి ఉంచండి. పెట్రోలు కాక్ విప్పి, ఆ కన్నానికి రబ్బరు ముక్క అడ్డం పెట్టి బోల్టు బిగించండి. ఇప్పుడు గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి లోపల వేయండి. లెక్కపెట్టమని ఎందుకన్నానంటే, తీసేటప్పుడు అన్నీ బయటికొచ్చాయో లేదో తెలియాలి. నట్ల బదులు సన్నటి ఇనప గొలుసు వేస్తే ఇంకా నయం, ఒక్క లాగుతో వచ్చేస్తుంది. కాసిని నీళ్ళు పోసి, టాంకీని పాత దుప్పట్లో చుట్టి ఊపండి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్ళకి అప్పగించొచ్చు, పండగ చేసుకుంటారు. నీళ్ళు ఎర్రగా వస్తాయి. పారబోసి మళ్ళీ పోయండి. పెచ్చులు రావడం తగ్గాక గొలుసు తీసేయండి.

తర్వాత నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే. లీటరు వేడినీళ్ళకి 50 నుంచి 100 గ్రాములు కలిపి, టాంకీ మెడ దాకా నింపి ఒక రాత్రంతా ఉంచండి. రంగు మీద పడకుండా గుడ్డ చుట్టండి, పడితే మచ్చపడుతుంది. పొద్దున్న పారబోస్తే నల్లటి, పచ్చటి నీళ్ళు వస్తాయి. లోపల రేకు బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. అక్కడితో ఆగకూడదు. పులుపు విరగడానికి తినే సోడా కలిపిన నీళ్ళతో కడగాలి. చివరి కడుగుడు మాత్రం మంచినీళ్ళతో కానివ్వండి. మన ఊళ్ళలో కొన్ని బోర్ల నీళ్ళు నాలుక మీద వేసుకుంటేనే తెలిసిపోతుంది, ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగితే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. వాననీళ్ళు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు. కడగ్గానే ఎండలో బోర్లించి, వీలైతే జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టి ఆరబెట్టండి. ఆలస్యం చేస్తే కళ్ళముందే పసుపు రంగు తుప్పు లేస్తుంది. ఆరిన మరుక్షణం కాస్త పెట్రోల్లో టూటీ ఆయిలు, అంటే టూస్ట్రోకు బండ్లకి వాడే నూనె, కలిపి లోపల పోసి, అన్ని మూలలకీ తగిలేలా తిప్పండి. ఆ నూనె పొరే దానికి కాపు.

టాంకీకి కన్నం పడి ఉంటే మాత్రం ఇంట్లో సాహసాలు వద్దు. వెల్డింగు కుర్రాడు “ఏటీ కాదులే అన్నా, ఇటియ్యి” అంటాడు. లోపల పూర్తిగా కడిగి, వాసన లేదని తేలాకే వాడి చేతికివ్వండి.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాలు కలిపినది. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు దానికి తట్టుకునేలా చేశారు, మన రాజ్‌దూతులూ యెజ్డీలూ పుట్టినప్పుడు దాని ఊసే లేదు. ఇథనాలు తేమని పీల్చుకుంటుంది. ఎక్కువ తేమ చేరితే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి టాంకీ అడుక్కి దిగుతాయి, తుప్పు పట్టేది సరిగ్గా అక్కడే. పాత రబ్బరు పైపులు, వాషర్లు దానికి ఉబ్బిపోవడమో, బిరుసెక్కి పగిలిపోవడమో జరుగుతుంది. కాబట్టి పెట్రోలు పైపు కొత్తది వేయండి, కార్బొరేటరు వాషర్లు మార్చండి. రెండు మూడు వారాలు బండి తీయనప్పుడు కాక్ మూసి, కార్బొరేటరులో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. వలస కాలంలో నెలల తరబడి బండి వదిలి వెళ్ళేవాళ్ళు ఉద్దానంలో ఎక్కువ. వాళ్ళు టాంకీలో పెట్రోలు పూర్తిగా దించి, లోపల నూనె తిప్పి వెళ్ళడం మంచిది.

వైరింగుకి వద్దాం. పాత జావాకీ, రాజ్‌దూత్‌కీ ఉండేది 6 వోల్టుల వ్యవస్థ. వోల్టులు తక్కువ కాబట్టి, అతుకుల దగ్గర కాస్త వోల్టేజి పడిపోయినా లైటు గుడ్డిదైపోతుంది. హెడ్‌లైటు వెలగట్లేదని బల్బులు మార్చేవాళ్ళే ఎక్కువ. బల్బు తప్పు కాదు. వైరు పైన ఉన్న తొడుగుని రెండంగుళాలు ఒలిచి చూడండి. రాగి ఎర్రగా ఉంటే సరే. నల్లబడిందా, పచ్చగా చిలుము పట్టిందా, ఆ వైరు పని అయిపోయింది. మన గాలిలో చిలుము కొస దగ్గర ఆగదు, తొడుగు లోపల పాకుతుంది. అందుకని ముక్కలు అతికించే పని పెట్టుకోకండి, మొత్తం హార్నెస్ కొత్తది చేసుకోండి. ఇది డబ్బు కంటే ఓపిక అడిగే పని. పాత వైరింగుని విప్పి చాపమీద పరిచి, ఒక్కో వైరుకీ కాగితం ముక్క కట్టి, ఎక్కడినుంచి ఎక్కడికో రాసుకుని, ఫోనులో ఫోటో తీసుకుని, అదే కొలతకి కొత్త వైర్లు కోయాలి. కొసలు మెలితిప్పి టేపు చుట్టే పద్ధతి మన తీరంలో పనికిరాదు. టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. బ్యాటరీ టెర్మినళ్ళకీ, ఎర్త్ బిగించే చోటికీ పెట్రోలియం జెల్లీ పట్టించండి. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి తెల్ల ఇనుము కనబడితేనే బిగించాలి. సగం రోగాలు ఆ ఒక్క బోల్టు దగ్గరే తీరిపోతాయి.

ఇగ్నిషను పాయింట్ల సందు ఈ పాత బండ్లన్నిటికీ ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. కంటితో చూసి పెట్టే మొనగాళ్ళు ఉన్నారు గానీ, ఫీలర్ గేజ్ ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖరీదు కాదు, జీవితాంతం ఉంటుంది.

బ్రేకుల దగ్గర నాకు మన ఊరి గొప్ప ఒకటి చెప్పాలనిపిస్తుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు ఒలిచాక మిగిలే పెంకు నుంచి నూనె తీస్తారు. చేతికి తగిలితే చర్మం కాలి పొక్కే నూనె. దాని నుంచి తీసిన పదార్థాన్ని బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు, ఒరిపిడికి వేడెక్కినా పట్టు తగ్గకుండా. బ్రేకు వేసి బండి ఆగినప్పుడల్లా అందులో జీడితోటల పాలు కూడా ఉందన్నమాట. పూర్వం పడవల చెక్కలకి పట్టించింది కూడా ఈ నూనే. అది విని చాసిస్‌కి కూడా పూసేద్దామని బయల్దేరకండి. శుద్ధి చేయని నూనె ఒంటికి తగిలితే ఆసుపత్రి ఖర్చు బండి ఖర్చుని మించుతుంది. బ్రేకు షూలు మాత్రం మంచి కంపెనీవి కొత్తవే కొనండి. పాత షూకి కొత్త లైనింగు అతికించే పని చవకే గానీ, మన తేమకి ఆ అతుకు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. డ్రమ్ము లోపల తుప్పు ఉంటే ఎమరీ కాగితంతో రుద్ది, లోతుగా గీతలుంటే లేత్ మీద పట్టించండి.

చక్రం పుల్లల్ని ఒక్కొక్కటిగా స్పానరుతో చిన్నగా తట్టి చూడండి. బిగువుగా ఉన్నవి ఖంగుమంటాయి, వదులైనవి, లోపల తినేసినవి బొంగురుగా పలుకుతాయి. రిమ్ముకి క్రోమ్ పోతే మళ్ళీ వేయించడానికి విశాఖ దాకా వెళ్ళాలి, అంత ఖర్చుకి మన గాలిలో అది నిలిచేదీ కొద్దికాలమే. పైపై తుప్పయితే వంటింటి అల్యూమినియం రేకు ముక్క నీళ్ళలో ముంచి రుద్దండి, ఆశ్చర్యపోతారు. లోతుగా పోతే శుభ్రం చేసి నల్లరంగు వేసేయండి. నల్ల రిమ్ములు పాత బండికి అందంగానే ఉంటాయి, నా కళ్ళకైతే క్రోమ్ కంటే బాగుంటాయి. టైరు మీద నాలుగంకెలు చూడండి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని. గీతలు నిండుగా ఉన్నా ముసలి టైరు ముసలి టైరే.

ఇంజను విప్పినప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటి టెక్కలి మనకిచ్చింది. సిలిండరు హెడ్డు, కార్బొరేటరు ఫ్లాంజీ లాంటివి ఏళ్ళ తరబడి బిగించి బిగించి వంకరపోతాయి. సందులోంచి గాలి కారుతుంది, స్క్రూ ఎంత తిప్పినా ఐడిలింగ్ కుదరదు. వాటిని చదును చేయాలంటే చదునైన బల్ల కావాలి. పెద్ద వర్క్‌షాపుల్లో ఇందుకు వాడేది గ్రానైటు బల్లే, ఎండకీ చలికీ అది పెద్దగా మారదు కాబట్టి. మనకి టెక్కలి గ్రానైటు ఫ్యాక్టరీల దగ్గర పాలిష్ పట్టిన ముక్కలు వ్యర్థాల కింద పడుంటాయి. ఒకటి అడిగి తెచ్చుకోండి. దానిమీద సన్న ఎమరీ కాగితం పరిచి, కిరోసిను చుక్కలు వేసి, ఫ్లాంజీని ఎనిమిది అంకె తిప్పినట్టు నెమ్మదిగా రుద్దండి. మొదట అంచులే మెరుస్తాయి. మధ్య కూడా మెరిసేదాకా రుద్దాలి. బోరు వేయించడం, క్రాంకు బేరింగులు మార్చడం లాంటివి మాత్రం తెలిసిన లేత్ షాపుకే ఇవ్వాలి. అక్కడ పొదుపు చూపిస్తే రెండుసార్లు కట్టాలి.

బోల్టుల సంగతి కూడా. మెరుపు చూసి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు కొని ఇంజనుకి బిగించేస్తుంటారు. ఇంజను కేసు అల్యూమినియం. ఆ రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే స్టీలు బాగానే ఉంటుంది, అల్యూమినియం మర తినేస్తుంది. అయిదేళ్ళకి విప్పబోతే మర పొడిపొడిగా బోల్టుతోనే వచ్చేస్తుంది. బిగించే ముందు మరలకి గ్రీజు పట్టించండి.

ఇప్పుడు సోకు. సీటు మార్చుకోవడం, హ్యాండిలు కాస్త ఎత్తుదో పొట్టిదో వేసుకోవడం, అద్దాలు, పక్క పెట్టెలు, రంగు, ఇలాంటివి చాలు. విప్పేస్తే మళ్ళీ అసలు రూపం వచ్చేలా ఉండాలి, తీసిన పాత సామాను గోనెసంచిలో దాచాలి. సీటు విషయంలో ఉద్దానం కొబ్బరిపీచు ఉండగా ఫోము ఎందుకు అనేవాళ్ళున్నారు. రబ్బరు పట్టించిన పీచు సీట్లకి మంచిదే, వాహనాల్లో వాడారు కూడా. పచ్చి పీచు కూరితే మాత్రం అది నీళ్ళు పట్టి ఉంచి సీటు కింద రేకుని తినేస్తుంది. ఫోమే వేయండి, కింద రేకుకి రెండు పూతల ప్రైమరు కొట్టండి.

రంగుకి కాలం ముఖ్యం. జూన్ నుంచి తుపాన్ల నెలలు దాటేదాకా ఆ పని పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ ఏం మిగిలిందో మనందరికీ తెలుసు. మార్గశిరం నుంచి మాఘం దాకా, పొద్దున్న మంచు విడిచాక పది గంటలకి మొదలెట్టి, మూడింటికి ఆపేయాలి. రుద్దిన రేకుని మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, థిన్నరు గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమరు పడాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఉప్పు మళ్ళీ కూర్చుంటుంది. మడ్‌గార్డుకి పైన ఒక పూత వేస్తే లోపల రెండు వేయాలి. బయట నిగనిగలాడించి లోపల వదిలేసిన బండ్లు రెండేళ్ళలో మళ్ళీ టింకరింగుకి వస్తున్నాయి.

సైలెన్సరు లోపలి గొట్టం పీకేసి చప్పుడు పెంచడం కొందరికి సరదా. టూస్ట్రోకు బండికి సైలెన్సరు ఇంజనులో భాగమే. అది తీసేస్తే చప్పుడు పెరిగి బలం తగ్గుతుంది, పోలీసులు పట్టుకుంటే జరిమానా వేరే. తేలినీలాపురం చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు పిల్లల్ని పెంచుకునే నెలల్లో ఆ దారిన అలాంటి బండేసుకుని వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టూస్ట్రోకు సైలెన్సరుకి కావలసింది మసి తీయించడం. మెష్ విప్పి మసి గీకేస్తే పోయిన పికప్ తిరిగొస్తుంది. టూటీ ఆయిలు లీటరు పెట్రోలుకి 30, 40 మిల్లీలీటర్ల మధ్య, బండి పుస్తకంలో ఎంతుంటే అంత కలపండి. ఎక్కువ పోస్తే మంచిదనుకుని పోసేవాళ్ళవల్లే ఆ మసి.

వరద నీళ్ళలో మునిగిన బండి దొరికితే, లేదా రేపు మన బండే మునిగితే, కిక్ రాడ్డు మీద కాలు వేయకండి. సిలిండరులో నీళ్ళుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గు విప్పి, నీళ్ళు బయటికి పోయేలా చక్రం తిప్పి, ఆయిలు మార్చి, అప్పుడు చూడండి.

బండి తయారయ్యాక దాచే చోటు గురించి అడుగుతుంటారు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించి కడతారు, చూడ్డానికి భద్రంగా ఉంటుంది. లోపల తేమ ఎటూ పోక రాత్రంతా బండి చెమర్చుతుంది. పాత నూలు దుప్పటి కప్పండి, లేదా ఏమీ కప్పకుండా గాలి ఆడే వసారాలో పెట్టండి. టైర్ల కింద మట్టి కాకుండా చెక్క ముక్కలుండాలి. భావనపాడు ఒడ్డుకి వెళ్ళొచ్చిన రోజు బద్ధకించకుండా రెండు బకెట్ల మంచినీళ్ళు బండి కింది భాగానికి కొట్టి, పుల్లలకీ గొలుసుకీ నూనె గుడ్డ తగిలించండి. పాత ఇంజనాయిలు అందుకు వాడొచ్చు, బ్రేకు డ్రమ్ముల దరిదాపులకి మాత్రం రానివ్వకండి.